ఊబకాయం: సర్కారు చేయగలిగేది, సూది చేయగలిగేది – తరచుగా అడిగే ప్రశ్నలు

ఆరోగ్య విషయాలు రాస్తానని తెలిసినవాళ్లు పెళ్లి భోజనాల దగ్గర నన్ను పక్కకు పిలిచి అడిగే ప్రశ్న ఈ మధ్య మారింది. ఇదివరకు "ఏ నూనె మంచిది?" అనేవారు. ఇప్పుడు గొంతు తగ్గించి "బరువు తగ్గించే ఆ సూది సంగతి నిజమేనా?" అంటున్నారు. అడిగేవారి చేతిలో సాధారణంగా రెండో కాజా ఉంటుంది. నా చేతిలో ఉన్నది మొదటిదని చెప్పను. అలా మళ్లీ మళ్లీ ఎదురైన ప్రశ్నలివి. నేను వైద్యుణ్ని కాను. మీ ఒంటికి సంబంధించిన నిర్ణయం మీ డాక్టరుతో మాట్లాడి తీసుకోండి.

లావు కావడం జబ్బా? నోరు కట్టుకోలేకపోవడం కాదా?

నోరు కట్టుకుంటే బరువు తగ్గుతుంది, అందులో అబద్ధం లేదు. తగ్గిన బరువును నిలుపుకోవడమే కష్టం. బరువు దిగగానే శరీరం కరువు వచ్చిందనుకుంటుంది. ఆకలిని పెంచుతుంది, శక్తిని పొదుపుగా వాడటం మొదలుపెడుతుంది. నాలుగు నెలలు కడుపు మాడ్చుకుని ఎనిమిది కిలోలు తగ్గిన మనిషి, ఏడాది తిరిగేసరికి మళ్లీ బెల్టు పాత రంధ్రానికి చేరితే దానికి అతని బలహీనత ఒక్కటే కారణం కాదు. జన్యువులు, నిద్ర, స్టెరాయిడ్ల వంటి మందులు, వీధిలో నడవడానికి చోటు లేకపోవడం, ఇవన్నీ అందులో ఉన్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని దీర్ఘకాలిక వ్యాధిగానే చూస్తోంది. బీపీ ఉన్నవారిని "కోపం తగ్గించుకో, అదే పోతుంది" అని పంపించేయడం లేదు కదా.

నా బీఎంఐ 24. ఫోనులో చూస్తే మామూలే అంటోంది, డాక్టరు ఎక్కువంటున్నారు. ఎవరిది తప్పు?

ఇద్దరిదీ కాదు. బీఎంఐ అంటే కిలోల్లో బరువును మీటర్లలో ఎత్తు వర్గంతో భాగిస్తే వచ్చే అంకె. ఫోను అంతర్జాతీయ లెక్క చెబుతోంది: 25 దాటితే అధిక బరువు, 30 దాటితే ఊబకాయం. మన దేశంలో వైద్యులు 2009 నుంచి వాడుతున్న లెక్క వేరు. 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం. అయిదడుగుల ఏడంగుళాల మనిషికి అంతర్జాతీయ లెక్కలో ఊబకాయం 87 కిలోల దగ్గర మొదలైతే, మన లెక్కలో 72 దగ్గరే మొదలవుతుంది.

ఈ తేడా ఎందుకో చెప్పడానికి నాకు తెలిసిన అతి మంచి ఉదాహరణ ఒక ఫొటో. పుణెకు చెందిన డాక్టర్ యాజ్ఞిక్, లండన్‌కు చెందిన డాక్టర్ యుడ్కిన్ కలిసి 2004లో లాన్సెట్ పత్రికలో ఒక చిన్న వ్యాసం ప్రచురించారు. అందులో ఇద్దరూ పక్కపక్కన నిలబడి ఉంటారు. ఇద్దరి బీఎంఐ ఒకటే, 22.3. శరీరంలోని కొవ్వు కొలిచి చూస్తే యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. తూకం ఒకటే, లోపలి సరుకు వేరు. మన కొవ్వు పొట్టచుట్టూ, కాలేయం మీదా చేరుతుంది, షుగరు తొందరగా వస్తుంది.

అందుకే తూకంతోపాటు టేపు కూడా వాడాలి. నడుము చుట్టుకొలత మగవారికి 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80 దాటకూడదు. ప్యాంటు సైజు చెప్పి తప్పించుకోవద్దు. చాలామంది ప్యాంటు పొట్ట కిందికి జారి ఉంటుంది. బొడ్డు దగ్గర, ఊపిరి వదిలాక కొలవండి.

తెలుగు రాష్ట్రాల్లో ఇది అంత పెద్ద సమస్యా?

2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశం మొత్తం మీద 24 శాతం స్త్రీలకు, 23 శాతం పురుషులకు బీఎంఐ 25 లేదా అంతకంటే ఎక్కువ ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీలు 36 శాతం, పురుషులు 31 శాతం. తెలంగాణలో స్త్రీలు 30 శాతం, పురుషులు 32 శాతం. సర్వేవారు దీన్ని "అధిక బరువు లేదా ఊబకాయం" అని రాశారు. పైన చెప్పిన మన లెక్క ప్రకారం వీళ్లంతా ఊబకాయం కిందికే వస్తారు. అదే సర్వేలో దేశంలో దాదాపు 19 శాతం స్త్రీలు ఉండవలసినదానికంటే సన్నగా, బలహీనంగా ఉన్నారు. ఒకే వీధిలో రెండూ ఉన్న దేశానికి విధానం రాయడం తేలిక కాదని ఒప్పుకోవాలి.

ప్రభుత్వం ఇప్పటిదాకా ఏం చేసింది?

సలహాలు చాలా ఇచ్చింది. 2025 జనవరిలో డెహ్రాడూన్‌లో జాతీయ క్రీడల వేదిక మీద, ఫిబ్రవరిలో 'మన్ కీ బాత్'లో ప్రధాని ఊబకాయం గురించి మాట్లాడి, నూనె వాడకం పది శాతం తగ్గించమన్నారు. ఆ మే నెలలో సీబీఎస్ఈ తన బడుల్లో 'షుగర్ బోర్డులు' పెట్టమంది. ఏ పానీయంలో ఎంత చక్కెర ఉందో పిల్లలకు కనబడేలా గోడ మీద పెట్టడమన్నమాట. తర్వాత నూనెకూ అలాంటి బోర్డులు వచ్చాయి. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మేలో పదిహేడు సూత్రాలతో కొత్త ఆహార మార్గదర్శకాలు ఇచ్చింది. దేశంలోని వ్యాధి భారంలో 56 శాతం సరిలేని తిండి వల్లేనని అందులో లెక్కగట్టింది.

చట్టం రూపంలో వచ్చినవి తక్కువ. బడి ఆవరణలోనూ, దాని చుట్టూ 50 మీటర్ల లోపలా కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువున్న తిండి అమ్మకూడదని ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2020లో నిబంధన తెచ్చింది. మీ ఊళ్లో ఏదైనా బడి గేటు ముందు నిలబడి యాభై అడుగులు వేయండి. మీటర్లు కాదు, అడుగులే చాలు. నిబంధన సంగతి అర్థమవుతుంది.

నిజంగా పనిచేసినది ఎవరూ గమనించనిది. వనస్పతి, నూనెల్లో ట్రాన్స్ కొవ్వు (నూనెను గట్టిపరిచేటప్పుడు పుట్టే, గుండెకు చేటు చేసే కొవ్వు) పరిమితిని 2021లో 3 శాతానికీ, 2022 జనవరి నుంచి 2 శాతానికీ దించారు. దానికోసం ఎవరూ నోరు కట్టుకోలేదు, బోర్డు చదవలేదు. పప్సు తినేవాడు పప్సు తింటూనే ఉన్నాడు, అందులో విషం తగ్గింది. బరువు తగ్గించే చర్య కాదు గానీ గుండెకు సంబంధించి పెద్ద చర్య. ప్రభుత్వం చేయగలిగిన పని ఎలా ఉంటుందో దీన్ని చూస్తే తెలుస్తుంది.

నూనె తగ్గించమన్న ప్రభుత్వమే నూనెను చౌక చేసిందా?

చేసింది. ప్రధాని పిలుపు ఫిబ్రవరిలో. మే 30న ముడి పామాయిల్, సోయా, పొద్దుతిరుగుడు నూనెల మీద మూల దిగుమతి సుంకాన్ని 20 శాతం నుంచి 10 శాతానికి తగ్గించారు. కారణాలు లేకపోలేదు. నూనె ధరలు మండుతున్నాయి, సగానికి పైగా నూనె మనం బయటినుంచే తెచ్చుకుంటున్నాం, ఇక్కడి రిఫైనరీలను బతికించాలి. ఆహార మంత్రిత్వ శాఖ వైపునుంచి చూస్తే ఇది సరైన నిర్ణయమే. ఆరోగ్య శాఖ వైపునుంచి చూస్తే కాదు. ఒక ఇంట్లో ఒకరు పూరీలు వేయిస్తుంటే ఇంకొకరు తినొద్దని చెబుతున్నట్టుంది. తినేవాడు ఎవరి మాట వింటాడో వేరే చెప్పాలా?

జంక్ ఫుడ్ మీద పన్ను వేస్తే తినడం మానేస్తారా?

మానరు, తగ్గిస్తారు. మెక్సికో 2014 జనవరి నుంచి చక్కెర పానీయాల మీద లీటరుకు ఒక పెసో పన్ను వేసింది. మొదటి ఏడాది వాటి కొనుగోళ్లు 5.5 శాతం, రెండో ఏడాది 9.7 శాతం తగ్గాయి. ఎక్కువ తగ్గించినవారు పేదవారు. దీన్ని మంచిదని కొందరంటారు, పేదవాడి మీద పన్నని కొందరంటారు. రెండూ నిజమే.

బ్రిటన్ 2018 ఏప్రిల్‌లో వేరే తెలివి చూపింది. 100 మిల్లీలీటర్లలో 5 గ్రాముల లోపు చక్కెర ఉంటే పన్ను లేదు, 5 నుంచి 8 లోపు అయితే ఒక రేటు, 8 దాటితే ఇంకా ఎక్కువ రేటు. పన్ను అమల్లోకి రాకముందే చాలా కంపెనీలు చక్కెర తగ్గించి 5 కిందికి దిగాయి. కొనేవాడు మారలేదు, సీసాలోని సరుకు మారింది. డెన్మార్క్ మాత్రం 2011లో సంతృప్త కొవ్వు మీద పన్ను వేసి, జనం సరిహద్దు దాటి వెన్న కొనుక్కోవడం మొదలుపెట్టాక ఏడాదికి కాస్త పైగా నడిపి ఎత్తేసింది.

మన దగ్గర కేరళ 2016లో బ్రాండెడ్ రెస్టారెంట్లలోని బర్గర్లు, పిజ్జాల మీద 14.5 శాతం 'ఫ్యాట్ ట్యాక్స్' వేసింది. మరుసటి ఏడాది జీఎస్టీ వచ్చి దాన్ని మింగేసింది. ఇప్పుడు రాష్ట్రాలు విడిగా అలా వేసే వీలు దాదాపు లేదు.

2025 సెప్టెంబరు 22న జీఎస్టీ స్లాబులు మారాయి. కూల్ డ్రింకులు 40 శాతం స్లాబులోకి వెళ్లాయి. వినడానికి బాగుంది. కానీ అవి అంతకుముందు కూడా 28 శాతం పన్ను, 12 శాతం సెస్సు కలిపి 40 శాతమే కట్టేవి. పైగా చక్కెర లేని సోడాకూ అదే 40. చక్కెర తగ్గించిన కంపెనీకి రూపాయి లాభం లేదు, అంటే బ్రిటన్ కిటుకు ఇక్కడ పనిచేయదు. అదే రోజున బిస్కెట్లు, ఐస్‌క్రీములు, చాక్లెట్లు, ఇన్‌స్టంట్ నూడుల్స్, మిక్చరు ప్యాకెట్లు 5 శాతానికి దిగాయి. పండ్ల గుజ్జు పేరుతో అమ్మే మామిడి పానీయాలు 12 నుంచి 5కు వచ్చాయి. ఆ సీసాలో చక్కెర ఎంతుందో ఒకసారి వెనక్కి తిప్పి చూడండి. అదే ఏడాది జనవరిలో వచ్చిన ఆర్థిక సర్వే, అతిగా శుద్ధిచేసిన ఆహారం మీద 'ఆరోగ్య పన్ను' ఆలోచించమని రాసింది. సర్వే రాసినవారూ, స్లాబులు తేల్చినవారూ ఒకరి కాగితం ఒకరు చూసుకున్నట్టు లేదు.

ప్యాకెట్ ముందు హెచ్చరిక ముద్ర ఎందుకు లేదు?

పది రూపాయల బిస్కెట్ ప్యాకెట్ ఒకటి తీసుకుని ట్యూబులైటు కింద పట్టుకోండి. ముందు వైపు గోధుమ కంకి, పాల చుక్క, నవ్వుతున్న పిల్లవాడు. వెనక మడత కింద, అతుకు మీదికి వెళ్లిన చోట, చీమల బారులాంటి అక్షరాల్లో పోషకాల పట్టిక. అందులో ఒక వరుస '100 గ్రాములకు'. గ్లూకోజ్ బిస్కెట్లలో అక్కడ చక్కెర పాతిక గ్రాముల దాకా ఉండటం మామూలే. పోషకాహార సంస్థ పెద్దవారికి రోజు మొత్తానికి చెప్పే గరిష్ఠం అంత. కళ్లజోడు లేకుండా నేను ఆ పట్టిక చదవలేకపోయాను. టీలో ముంచుకునే పిల్లవాడు చదువుతాడా?

చిలీ దేశం 2016 జూన్‌లో దీనికి సూటి మార్గం కనుక్కుంది. చక్కెర, ఉప్పు, సంతృప్త కొవ్వు, కేలరీలు పరిమితి దాటితే ప్యాకెట్ ముందే నల్లటి ఎనిమిది మూలల ముద్ర. చదువు రానివారికీ అర్థమవుతుంది. మన ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2022లో తెచ్చిన ముసాయిదా మాత్రం నక్షత్రాల పద్ధతి. ఫ్రిజ్ మీద కరెంటు ఆదాకు ఇచ్చే నక్షత్రాల్లాంటివి. చక్కెర దండిగా ఉన్నా కాస్త పీచు, గింజలు కలిపితే నక్షత్రం పెరుగుతుంది. ఒక నక్షత్రం ఉన్న చిప్స్ కూడా ఏదో బహుమతి గెలిచినట్టే కనిపిస్తుంది. నక్షత్రం మెచ్చుకోలు, హెచ్చరిక కాదు. విషయం సుప్రీంకోర్టుకు చేరింది. 2025 ఏప్రిల్‌లో కోర్టు మూడు నెలల్లో తేల్చమంది, జులైలో ఇంకో మూడు నెలల గడువిచ్చింది. నల్ల ముద్రే కావాలన్నది నా పక్షం, దాచుకోను.

ఉచిత బియ్యమే ఊబకాయానికి కారణమా?

ఈ మాట ఈమధ్య కార్లలో తిరిగేవారి నోట ఎక్కువగా వినిపిస్తోంది. దేశవ్యాప్తంగా జరిగిన ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనంలో మన కేలరీల్లో 62 శాతం పిండిపదార్థాల నుంచే వస్తున్నాయని తేలింది. పాలిష్ బియ్యం, మైదా, చక్కెర వాటిలో ముఖ్యమైనవి. తెలంగాణలో 2025 ఉగాది నుంచి రేషన్‌లో మనిషికి ఆరు కిలోల సన్నబియ్యం ఇస్తున్నారు. ఆ బియ్యం రాకముందు దొడ్డు బియ్యాన్ని అమ్ముకున్న ఇళ్లు ఇప్పుడు వండుకు తింటున్నాయి. ఆ మేరకు పథకం గెలిచినట్టే. బియ్యం తీసేయాలనడం దుర్మార్గం. దాని పక్కన కందిపప్పు, గుడ్డు, చిరుధాన్యాలు ఎందుకు లేవన్నదే అడగవలసిన ప్రశ్న.

ఇక సూదుల సంగతి. అసలు అవి ఏం చేస్తాయి?

భోజనం పేగులోకి చేరగానే అక్కడి కణాలు జీఎల్‌పీ-1 అనే హార్మోనును వదులుతాయి. అది క్లోమాన్ని ఇన్సులిన్ విడుదల చేయమంటుంది, జీర్ణాశయం ఖాళీ కావడాన్ని నెమ్మదింపజేస్తుంది, మెదడుకు "చాలు" అని కబురు పంపుతుంది. అసలు హార్మోను రక్తంలో రెండు మూడు నిమిషాలకంటే నిలవదు. మందు చేసే పని ఆ "చాలు"ను వారం పాటు నిలబెట్టడం.

ఈ కథలో ఒక బల్లి ఉంది. అమెరికా ఎడారుల్లో ఉండే గిలా మాన్‌స్టర్ అనే విషపు బల్లి లాలాజలంలో ఈ హార్మోనును పోలిన, కానీ తొందరగా విరిగిపోని పదార్థాన్ని డాక్టర్ జాన్ ఎంగ్ కనిపెట్టారు. దానినుంచి వచ్చిన ఎక్సెనటైడ్ 2005లో షుగరు మందుగా అనుమతి పొందింది. తర్వాత లిరాగ్లూటైడ్ రోజుకొకసారి, సెమాగ్లూటైడ్ వారానికొకసారి. టిర్జెపటైడ్ ఇంకో అడుగు వేసి జీఐపీ అనే రెండో హార్మోను పని కూడా చేస్తుంది.

వాడేవారు చెప్పే మాట మాత్రం వీటన్నిటికంటే స్పష్టంగా ఉంటుంది. మా బావగారు ఆరు నెలలుగా వాడుతున్నారు. "ఆకలి పోవడం కాదు, తిండి గురించిన ఆలోచన పోయింది. పదకొండు గంటలకు క్యాంటీన్‌లో ఏముంటుందోనన్న ధ్యాస లేదు. యాభై ఏళ్లుగా తలలో మోగుతున్న రేడియో ఎవరో కట్టేసినట్టుంది" అన్నారు.

ఎంత బరువు తగ్గుతుంది?

సెమాగ్లూటైడ్ 2.4 మిల్లీగ్రాముల మోతాదును దాదాపు రెండు వేల మంది మీద 68 వారాలు పరీక్షించారు. సగటున 14.9 శాతం తగ్గారు, ఉత్తుత్తి సూది తీసుకున్నవారు 2.4 శాతం. టిర్జెపటైడ్ గరిష్ఠ మోతాదుతో 72 వారాల్లో 20.9 శాతం. రెండింటినీ ఎదురెదురుగా పెట్టి చూసిన పరీక్షలోనూ టిర్జెపటైడే ముందుంది. 90 కిలోల మనిషికి 13 నుంచి 19 కిలోలన్నమాట. సగటు అని గుర్తుంచుకోండి. కొందరికి ఇంకా ఎక్కువ, కొందరికి దాదాపు ఏమీ ఉండదు.

బరువుకంటే నాకు ముఖ్యంగా కనిపించినది గుండె ఫలితం. గుండెజబ్బు ఉండి, బరువు ఎక్కువగా ఉండి, షుగరు లేని 17,604 మందిలో సెమాగ్లూటైడ్ గుండెపోటు, పక్షవాతం, గుండె సంబంధ మరణాలను కలిపి 20 శాతం తగ్గించింది.

ఓజెంపిక్, వెగోవి, మౌంజారో: ఏది ఏమిటి?

మొదటి రెండూ ఒకే మందు, సెమాగ్లూటైడ్. షుగరుకు అమ్మితే ఓజెంపిక్, బరువుకు ఎక్కువ మోతాదుతో అమ్మితే వెగోవి. రైబెల్సస్ అదే మందు మాత్ర రూపంలో. మౌంజారోలో ఉన్నది టిర్జెపటైడ్.

ధర ఎంత? తగ్గిందంటున్నారు, నిజమేనా?

మౌంజారో 2025 మార్చిలో వచ్చినప్పుడు 2.5 మిల్లీగ్రాముల సీసా 3,500 రూపాయలు, వారానికొకటి. వెగోవి అదే ఏడాది జూన్‌లో నెలకు 17 వేలకు పైనుంచి 26 వేల దాకా. ఆర్నెల్లు తిరక్కముందే నవంబరులో వెగోవి ధర 37 శాతం దాకా తగ్గించారు. డిసెంబరులో ఓజెంపిక్ వారానికి 2,200 రూపాయలతో మొదలైంది. అంత దయ ఎందుకు పుట్టిందంటే, భారత్‌లో సెమాగ్లూటైడ్ పేటెంటు 2026 మార్చితో ముగుస్తుందని అందరికీ తెలుసు. ముగిసింది. దేశీయ కంపెనీల జనరిక్కులు (అదే మందుకు చౌక రూపాలు) బారులు తీరాయి.

దీనికి హైదరాబాద్‌తో గట్టి సంబంధం ఉంది. పేటెంటు గడువు తీరకముందే డాక్టర్ రెడ్డీస్ ఇక్కడ తయారుచేసి, పేటెంటు లేని దేశాలకు ఎగుమతి చేసుకోవచ్చని 2025 డిసెంబరులో ఢిల్లీ హైకోర్టు సింగిల్ జడ్జి తీర్పునిచ్చారు. ఇన్నాళ్లూ యాంటీబయాటిక్కులు, హెచ్ఐవీ మందులు చౌకగా లోకానికి పంపిన నగరానికి ఇది మరో మలుపు.

ఎవరికి ఇస్తారు?

పరీక్షలు జరిగినది, అనుమతి వచ్చినది అంతర్జాతీయ లెక్క ప్రకారం. బీఎంఐ 30 లేదా ఆపైన, లేకపోతే 27 ఉండి బీపీ, షుగరు, నిద్రలో ఊపిరి ఆగడం వంటి ఇబ్బంది తోడుగా ఉంటే. మన ఊబకాయపు గీత 25 దగ్గర ఉంది కనుక 26 ఉన్నవారు మధ్యలో పడతారు. అక్కడ డాక్టరు విచక్షణే గతి. పెళ్లికి మూడు నెలల ముందు నాలుగు కిలోలు తగ్గడానికి ఇది మందు కాదు.

దుష్ప్రభావాలు?

వికారం, వాంతులు, విరేచనాలు, మలబద్ధకం. మోతాదు పెంచిన వారాల్లో ఇవి ఎక్కువ. అందుకే సెమాగ్లూటైడ్ 0.25 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి నాలుగేసి వారాలకు ఒక మెట్టు ఎక్కిస్తారు. తొందరపడి మెట్లు దూకినవారే ఎక్కువగా బాధపడతారు. వేగంగా తగ్గితే పిత్తాశయంలో రాళ్లు రావచ్చు. క్లోమం వాపు అరుదు, కానీ పై కడుపులో మొదలై వీపులోకి పోయే తీవ్రమైన నొప్పి వస్తే ఇంట్లో జీలకర్ర నీళ్లు తాగుతూ కూర్చోకండి, ఆసుపత్రికి వెళ్లండి. సెమాగ్లూటైడ్‌తో కంటి నరం దెబ్బతినడం చాలా అరుదైన దుష్ప్రభావంగా యూరప్ నియంత్రణ సంస్థ 2025లో చేర్చింది. చూపు హఠాత్తుగా తగ్గితే వెంటనే చూపించుకోవాలి.

మెడుల్లరీ థైరాయిడ్ క్యాన్సర్ తమకు గానీ కుటుంబంలో గానీ ఉన్నవారు వాడకూడదు. గర్భిణులు, గర్భం కోసం చూస్తున్నవారు వాడకూడదు, సెమాగ్లూటైడ్‌ను కనీసం రెండు నెలల ముందే ఆపాలి. టిర్జెపటైడ్ వాడేటప్పుడు గర్భనిరోధక మాత్రల మీద మాత్రమే ఆధారపడకూడదు. ఇన్సులిన్, గ్లిమిపిరైడ్ వాడుతున్నవారికి షుగరు మరీ పడిపోయే ప్రమాదం ఉంది, వాటి మోతాదు తగ్గించవలసి రావచ్చు.

మనవాళ్ల విషయంలో నాకు ఎక్కువ భయం కండ గురించి. కొవ్వుతోపాటు కండ కూడా పోతుంది. మన దగ్గర ముందే కండ తక్కువ, కొవ్వు ఎక్కువ. యాజ్ఞిక్ ఫొటో గుర్తుందిగా. ఆకలి తగ్గిన మనిషి పళ్లెంలో అన్నం ఉంచి పప్పు వదిలేస్తే నష్టం రెట్టింపు. గుడ్డు, పప్పు, పెరుగు, చేప ముందు తిని, చోటు మిగిలితే అన్నం. వారానికి రెండు మూడుసార్లు బరువులెత్తే వ్యాయామం. నీళ్ల బిందె అయినా సరే.

ఇంట్లో ఎలా దాచాలి?

ఫ్రిజ్‌లో, 2 నుంచి 8 డిగ్రీల మధ్య. మా అక్క ఇంట్లో ఆ పెన్ను (మందు నింపిన, పెన్నులాంటి సూది) తలుపు అరలో, దోసెపిండి గిన్నెకు ఎదురుగా ఉంటుంది. మొదట్లో జాగ్రత్త ఎక్కువై వెనక్కి, మంచు పేరుకునే గోడకు ఆనించి పెట్టారు. గడ్డకట్టింది. గడ్డకట్టిన మందు కరిగాక చూడటానికి మామూలుగానే ఉంటుంది, పనికి రాదు, పారేయాలి. కొన్ని వేలు అలా పోయాయి. వాడటం మొదలుపెట్టిన పెన్ను ఎన్నాళ్లు బయట ఉండవచ్చో లోపలి కాగితంలో ఉంటుంది, బ్రాండును బట్టి మారుతుంది. సూదిని పొట్ట, తొడ లేదా చేయి పైభాగంలో చర్మం కింద వేసుకుంటారు. ఒకరి పెన్ను ఇంకొకరు వాడకూడదు, భార్యాభర్తలైనా సరే.

మానేస్తే మళ్లీ పెరుగుతానా?

చాలావరకు అవును. సెమాగ్లూటైడ్ ఆపిన ఏడాదికి, తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగొచ్చినట్టు పరీక్షలో తేలింది. బీపీ మాత్ర ఆపితే బీపీ వచ్చినట్టే. మొదలుపెట్టే రోజే ఈ లెక్క వేసుకోండి. ఆర్నెల్ల కోర్సు అని ఎవరైనా చెబితే వారు అమ్ముతున్నారని అర్థం.

టీవీలో "నెలలో పది కిలోలు" అనే పొడులు, కషాయాలు వస్తుంటాయి. వాటి సంగతి?

1954 నాటి అద్భుత ఔషధ ప్రకటనల చట్టం ఒకటి ఉంది. మందుతో నయం చేస్తామని ప్రకటించుకోకూడని జబ్బుల పట్టికలో ఊబకాయం కూడా ఉంది. అంటే ఆ ప్రకటనలు దశాబ్దాలుగా చట్టవిరుద్ధం, దశాబ్దాలుగా నడుస్తూనే ఉన్నాయి. సిబుట్రమిన్ అనే బరువు మాత్రను గుండెకు ప్రమాదమని మన దేశం 2011లో నిషేధించింది. 'మూలికలు మాత్రమే' అని రాసిన గుళికల్లో ఆ మందునే కలిపి అమ్మిన ఘటనలు ప్రపంచమంతటా బయటపడ్డాయి. సూదులూ దీనికి అతీతం కాదు. నకిలీ ఓజెంపిక్ గురించి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో హెచ్చరించింది. వాట్సాప్‌లో, బ్యూటీ పార్లర్‌లో కొనవద్దు. బిల్లు ఇచ్చే మందుల షాపులో, చీటీ మీద కొనండి.

బీమా ఇస్తుందా?

నెలనెలా కొనే సూదులకు మామూలు ఆరోగ్య బీమా పాలసీలు సాధారణంగా ఇవ్వవు. బరువు తగ్గించే శస్త్రచికిత్సకు మాత్రం బీఎంఐ 40 దాటితే, లేదా 35 దాటి తీవ్రమైన అనుబంధ జబ్బులుంటే నిబంధనల్లో వీలుంది. ఇరవై కిలోలు ఎక్కువున్నప్పుడు చేయి అందించకుండా, మనిషి మునిగాక తాడు వేసే పద్ధతి ఇది.

చౌక అయ్యింది కదా, ప్రభుత్వమే ఉచితంగా ఇవ్వవచ్చుగా?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 సెప్టెంబరులో ఈ మందులను అత్యావశ్యక ఔషధాల జాబితాలో చేర్చింది, కానీ షుగరుతోపాటు గుండెజబ్బో కిడ్నీ జబ్బో ఉండి, ఊబకాయం కూడా ఉన్నవారికి. డిసెంబరులో ఊబకాయానికీ షరతులతో సిఫారసు చేసింది. డబ్బున్న బ్రిటనే టిర్జెపటైడ్‌ను అందరికీ ఇవ్వలేక, మొదటి మూడేళ్లలో 2.2 లక్షల మందికి, జబ్బులు ఎక్కువున్నవారితో మొదలుపెట్టి ఇస్తోంది. మనమూ అలాగే, షుగరూ గుండెజబ్బూ ఉన్న పేదలతో మొదలుపెట్టాలని నా అభిప్రాయం. వారికే ప్రాణం మీదికి వచ్చేది, వారే కొనలేనిది.

కానీ నాకొక అనుమానం ఉంది. మందు ఎంత చౌకైతే, నల్ల ముద్ర ఫైలు అంత కిందికి జారుతుంది. "సూది ఉందిగా" అనడం తేలిక. సూదికి ఊరేగింపు చేయవచ్చు, బొమ్మ వేసుకోవచ్చు. బిస్కెట్ మీద పన్ను పెంచితే ఎవరు చప్పట్లు కొడతారు? బడి గేటు దగ్గర పదేళ్ల పిల్లవాడు అయిదు రూపాయలకు కొనుక్కునే ప్యాకెట్ అలాగే ఉండి, వాడికి ముప్పై ఏళ్లు వచ్చాక ఉచిత సూది ఇచ్చే ఏర్పాటును విధానం అనలేను.

మొదలుపెట్టాలనుకుంటున్నాను. డాక్టరు దగ్గరికి ఏం తీసుకెళ్లాలి?

ఎండోక్రైనాలజిస్టు (హార్మోన్ల వైద్యులు) లేదా జనరల్ మెడిసిన్ వైద్యుల దగ్గరికి వెళ్లండి. మూడు నెలల సగటు షుగరు, థైరాయిడ్, కిడ్నీ, కాలేయ పరీక్షల కాగితాలు ఉంటే పట్టుకెళ్లండి. ఇంట్లో ఎవరికైనా థైరాయిడ్ క్యాన్సర్ వచ్చిందేమో పెద్దవాళ్లను ముందే అడగండి. మీరు వాడే మందులన్నీ ఒక కవర్లో వేసుకుని వెళ్లండి. పక్కింటావిడ ఇచ్చిన కషాయం పొడి కూడా అందులో వేయండి, సిగ్గుపడకండి.